వెయ్యి రూపాయల హక్కు

సర్కారు ఏదో ఒక పథకంలోంచి చెయ్యి వెనక్కి తీసుకున్నప్పుడల్లా మావాళ్ళలో ఒక మాట వినబడుతుంది. "పోనీలెండి భాయ్, మనకు జకాత్ ఉంది. అల్లా ఇచ్చినవాళ్ళు ఇస్తారు. వాళ్ళ ముందు చెయ్యి చాపడం ఎందుకు?" అనేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. రంజాన్‌లో లెక్క కట్టి మరీ జకాత్ తీసేవాళ్ళు, పక్కింట్లో పొయ్యి వెలగకపోతే ముద్ద దిగనివాళ్ళు. ఆ మాటలో రోషం ఉంది, ఆత్మగౌరవం ఉంది. అందుకే దాన్ని కాదనడం కష్టం. అయినా కాదనాలనే మేం ఇది రాస్తున్నాం.

మేం ఉండేది నార్సింగి. గండిపేట గేట్లు ఎత్తితే మూసీ నీళ్ళు రోడ్డెక్కే ఊరు. 2018లో మునిసిపాలిటీ అయింది. తల ఎత్తితే ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు అద్దాల మేడలు. తల దించితే కుట్టుమిషన్లు, మటన్ కొట్లు, ఆటోలు, ఆ మేడల ముందు పన్నెండు గంటల వాచ్‌మన్ డ్యూటీలు. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. మా వృత్తి కూడా అలాంటిదే. ఒకే వార్తను ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాస్తాం. రెండుసార్లు రాస్తే ఆ వార్త రెండు వార్తలవుతుంది. ఎందుకో చెబుతాం.

2022 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఒక నోటీసు ఇచ్చింది. మైనారిటీ పిల్లలకు ఇచ్చే ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పు ఇకమీదట 9, 10 తరగతులకే. 1 నుంచి 8 దాకా లేదు. ఈ పథకం 2006 నాటి ప్రధానమంత్రి 15 సూత్రాల కార్యక్రమంలోంచి, సచార్ కమిటీ నివేదిక బయటపెట్టిన దురవస్థ వెలుగులో 2008లో పుట్టింది. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి లక్ష రూపాయలు దాటని ఇళ్ళకే వర్తించేది. 1 నుంచి 5 తరగతుల పిల్లలకు వచ్చేది ఏడాదికి వెయ్యి రూపాయలు. నెలకు వంద చొప్పున పది నెలలు. మరుసటి నెలలోనే, డిసెంబరు 8న, పరిశోధక విద్యార్థులకు 2009 నుంచి ఇస్తూ వచ్చిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును ఆపేస్తున్నామని లోక్‌సభలో చెప్పారు. ఆ తర్వాతి బడ్జెట్లో మైనారిటీ వ్యవహారాల శాఖ కేటాయింపు 5,020 కోట్ల నుంచి 3,097 కోట్లకు దిగింది. 2024 ఫిబ్రవరిలో మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌నే మూసేయమన్నారు.

ఉర్దూలో ఇది కౌమ్ మీద పడిన దెబ్బ. తెలుగులో ఇది లోపలి పేజీలో నాలుగు పేరాల బడ్జెట్ వార్త. రెండూ అబద్ధాలు కావు. రెండూ పూర్తి నిజమూ కావు.

నోటీసులో చెప్పిన కారణాలు చదవాలి. మొదటిది, విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా చదువు ఉచితమే కదా, మళ్ళీ స్కాలర్‌షిప్పు ఎందుకు అని. బడి ఉచితమైనంత మాత్రాన పిల్లవాడు ఉచితంగా బడికి రాడు. నోటుబుక్కులు, చెప్పులు, ఒక్కోసారి మెకానిక్ షెడ్డులో ఆ పిల్లవాడు తేగలిగిన కూలి, ఇవన్నీ ఖర్చే. ఆ వెయ్యి ఫీజు కోసం కాదు, పిల్లవాణ్ణి షెడ్డుకు పంపకుండా బడికి పంపినందుకు తల్లికి దొరికే చిన్న ఊతం.

రెండో కారణం ఇంకా చిత్రమైనది. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఇచ్చే ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పు కూడా 9, 10 తరగతులకే ఉంది, కాబట్టి మీకూ అంతే. దీన్ని సమానత్వం అన్నారు. ఒకే బెంచీ మీద మాదిగ పిల్లవాడూ ముస్లిం పిల్లవాడూ కూర్చున్నారు. ఒకడి చేతిలో రొట్టె ముక్క ఉంది, ఇంకొకడి చేతిలో లేదు. పంతులు వచ్చి ఉన్నవాడి చేతిలోది లాగేసి, ఇప్పుడిద్దరూ సమానం అన్నాడు. లేనివాడికి కూడా ఒక ముక్క ఇవ్వొచ్చు కదా అన్న ఆలోచన ఆ నోటీసులో ఎక్కడా లేదు.

ఇక్కడే మా జకాత్ మాటకు రావాలి. జకాత్ గొప్ప వ్యవస్థ. ఏడాది పాటు నిలిచిన సొమ్ములో నూటికి రెండున్నర. ఎవరికివ్వాలో ఎనిమిది రకాల వాళ్ళను ఖురాన్ చెప్పింది. హైదరాబాదులో జకాత్ సొమ్ముతో పేద పిల్లల ఫీజులు కట్టే పని పద్ధతిగా చేసిన సంస్థలున్నాయి. హైదరాబాద్ జకాత్ అండ్ చారిటబుల్ ట్రస్టు 1992 నుంచీ ఉంది. వాటిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ ఫిఖా పండితుల్లో ఎక్కువమంది చెప్పేదేమంటే జకాత్ ముస్లింలకే ఇవ్వాలి. ఇతరులకు సదఖా ఇవ్వొచ్చు, జకాత్ కాదు. సర్కారు వదిలేసిన చోట మేం జకాత్ పెట్టి పూడిస్తే ఏమవుతుంది? మా పిల్లవాడికి నోటుబుక్కు వస్తుంది. అదే బెంచీ మీద ఉన్న మాదిగ పిల్లవాడికి రాదు. వాడికి ఏ గుడో, ఏ చర్చో, ఏ కంపెనీ వాళ్ళో ఇస్తే ఇస్తారు, లేకుంటే లేదు. సర్కారు తప్పుకుంటూ పోయినకొద్దీ బడి బెంచీ మతాలవారీగా ముక్కలవుతుంది. మమ్మల్ని వేరుగా బతుకుతున్నారని నిందించే ప్రభుత్వమే, మమ్మల్ని వేరుగా బతకమని ఖజానా తలుపు మూస్తుంది.

ఇంకో సంగతి. దర్జీ కొనే దారం మీద పన్ను ఉంది. ఆటోలో పోసే చమురు మీద ఉంది. పిల్లవాడి చెప్పుల మీదా ఉంది. లక్ష రూపాయల ఆదాయం దాటని ఇల్లు ఖజానాలో రోజూ ఏదో ఒకటి వేస్తూనే ఉంది. తాను వేసిన దాంట్లోంచి తన బిడ్డకు వెయ్యి అడిగితే అది చెయ్యి చాపడం ఎట్లా అవుతుంది? తెలుగులో ఆ తల్లిని లబ్ధిదారు అంటారు. ఎవరో చేసిన మేలు పొందినట్టు. ఉర్దూలో మాకు హక్‌దార్ అన్న మాట ఉంది. ఖురాన్ కూడా అడిగేవాడికీ, అడగలేని వంచితుడికీ ఉన్నవాడి సొమ్ములో ఉన్నది హక్కు అనే చెప్పింది. దయ అనలేదు. రోజుకు అయిదుసార్లు అజాన్‌లో వినే ఫలాహ్ అన్న మాటే, ఉర్దూ పత్రికల్లో సంక్షేమ రాజ్యానికి పేరయింది: ఫలాహీ రియాసత్. ఆ మాట చెవిన పడని ముస్లిం ఇల్లు ఉండదు. అర్థం మాత్రం నమాజు దగ్గరే ఆగిపోయింది.

మా లౌకికవాద మిత్రులకు ఈ పాటికి ఇబ్బంది మొదలై ఉంటుంది. బడ్జెట్ గురించి మాట్లాడుతూ అజాన్ ఎందుకు తెస్తారు? రాజ్యాంగం ఉంది, ఆదేశిక సూత్రాలున్నాయి, అక్కడినుంచి మాట్లాడండి. మీరు మతం పేరిట ఖజానాను అడిగితే, రేపు వాళ్ళు మతం పేరిట ఖజానాను ఏలుతామంటే ఏం జవాబు చెబుతారు?

ప్రశ్న న్యాయమైనదే. మేం దీన్ని దులిపేసుకుని పోము. కానీ మతం మాట్లాడే పద్ధతులు రెండున్నాయి. ఒకటి, నా మతం కాబట్టి నాకివ్వు, లేదా నా మతం కాబట్టి నేను ఏలతాను అనేది. రెండోది, నా మతం నాకు నేర్పింది కాబట్టి ఆకలితో ఉన్న ఎవడి గురించైనా నేను మాట్లాడక తప్పదు అనేది. రెండో మాటను ఒప్పుకోవడానికి వినేవాడు కల్మా చదవనక్కర్లేదు. నాస్తికుడు కూడా దాన్ని తన కారణాలతో తాను ఒప్పుకోవచ్చు. మేం అడిగేది ఈ రెండో పద్ధతికి చోటు. మా బస్తీలో ఆదేశిక సూత్రాలు చదివినవాళ్ళు ఎంతమందో చెప్పలేం గానీ, జుమా ఖుత్బా విననివాళ్ళు తక్కువ. వాళ్ళకు తెలిసిన భాషలో హక్కు అన్న మాట చెప్పకపోతే, అదే భాషలో ఇంకెవరో సబర్ ఒక్కటే చెబుతారు. ఓర్చుకోండి, ఖిస్మత్ అంటారు. సర్కారుకు కావలసింది కూడా అదే.

ఇది కొత్త దారి కాదు, మాది మాత్రమే కూడా కాదు. అమెరికాలో 2012లో అక్కడి ప్రతినిధుల సభ పేదల పథకాలకు కోతలు పెట్టే బడ్జెటును ముందుకు తెస్తే, కాథలిక్ సన్యాసినులు కొందరు బస్సెక్కి రాష్ట్రాలు తిరిగి దాన్ని వ్యతిరేకించారు. 2013లో నార్త్ కరోలినాలో విలియం బార్బర్ అనే నల్లజాతి పాస్టరు నాయకత్వంలో సోమవారం సోమవారం శాసనసభకు వెళ్ళి వందలమంది అరెస్టయ్యారు. పేదల వైద్యం, నిరుద్యోగ భృతి కోసేసినందుకు. వాళ్ళలో పాస్టర్లతోపాటు రబ్బీలున్నారు, ఏ మతమూ లేనివాళ్ళున్నారు. చర్చి వాళ్ళు చర్చికి సొమ్మడగలేదు, ఎవరి వైద్యమైతే ఆగిందో వాళ్ళ కోసం అడిగారు.

మా చరిత్రలో ఇంతకన్నా పాత సాక్ష్యాలున్నాయి. అబూ యూసుఫ్ అనే న్యాయవేత్త ఖలీఫా హారూన్ రషీద్ కోసం రాసిన కితాబుల్ ఖరాజ్‌లో ఒక సంగతి ఉంది. ఖలీఫా ఉమర్ దారిలో ఒక ముసలి యూదుడు అడుక్కోవడం చూశాడు. కళ్ళు కనబడవు. ఎందుకీ గతి అని అడిగితే వయసు, పేదరికం, కట్టాల్సిన పన్ను అన్నాడు. ఉమర్ అతన్ని ఇంటికి తీసుకుపోయి ఉన్నదేదో ఇచ్చి, తర్వాత బైతుల్‌మాల్ అధికారికి కబురు చేశాడు. వయసులో ఉన్నప్పుడు పన్ను తీసుకుని ముసలితనంలో వదిలేయడం అన్యాయమని, ఇతనికీ ఇతనిలాంటి వాళ్ళకూ ఖజానాలోంచి ఇమ్మని. ఆ ముసలివాడికి ఉమర్ తన జేబులోంచి ఇచ్చి ఊరుకుని ఉంటే అది ఖైరాత్. ఖజానాకు రాశాడు కాబట్టి అది హక్కయింది. పదకొండో శతాబ్దంలో అందలూసియాలో ఇబ్న్ హజ్మ్ ఇంకొక అడుగు వేశాడు. జకాత్ చాలకపోతే పేదలకు తిండి, బట్ట, నీడ సమకూర్చే బాధ్యత ఆ నేల మీది ధనికులదని, చేయకపోతే పాలకుడు బలవంతంగానైనా చేయించాలని రాశాడు. జకాత్ ఉంది కాబట్టి సర్కారు అక్కర్లేదనే మా పెద్దమనుషులు ఈ రెండు సంగతులూ మర్చిపోయినట్టున్నారు.

ఇక మా ఊరి నేల గురించి. ఇది చెప్పకుండా నార్సింగిలో కూర్చుని ఖైరాత్, హక్కు అని రాయడం కుదరదు.

మాకు దగ్గర్లోనే హజ్రత్ హుసేన్ షా వలీ దర్గా ఉంది. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హుసేన్‌సాగర్ తవ్వించిన పేరు ఈయనది. ఒక సూఫీ పేరు చెరువుకు పెట్టుకున్న నగరం మాది. దైవభక్తికీ, ఊరికి నీళ్ళివ్వడానికీ మధ్య అప్పట్లో గీత లేదు. ఆ దర్గాకు మణికొండ జాగీరులో 1,654 ఎకరాల పైచిలుకు భూమి ఉందని వక్ఫ్ బోర్డు వాదన. సైబరాబాదు పుట్టాక ఆ భూమిని లాంకో హిల్స్ మొదలు అనేక కంపెనీలకు ప్రభుత్వం ఇచ్చింది. కోర్టులు నడిచాయి. 2012లో హైకోర్టు బోర్డు పక్షాన చెప్పింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ భూమి ప్రభుత్వానిదే అని తేల్చింది. జాగీర్ల రద్దుతోనే ప్రభుత్వానికి చేరిందని.

తీర్పు మీద మాకు అభిప్రాయం ఉంది. దాన్ని ఇక్కడ విప్పబోము. వక్ఫ్ భూములు మింగింది సర్కారొక్కటే అని కూడా అనబోము. ముతవల్లీలు మింగారు, బోర్డుల్లో కూర్చున్నవాళ్ళు చూస్తూ ఊరుకున్నారు, మాలోని పెద్దమనుషులే కౌలు పేరిట చదరపు గజాలు కాజేశారు. అది వేరే పుస్తకం. ఇక్కడ అడిగేది ఒకటే. వక్ఫ్ అంటే ఏమిటి? అమ్మడానికి లేని ఆస్తి, దాని రాబడితో సరాయి, దవాఖానా, మదర్సా, అన్నం. ఈ నేల మీద సర్కారు ఇంత పెద్దది కాకముందు సంక్షేమం నడిచిన దారుల్లో అదొకటి. ఆ ఆస్తి ఇప్పుడు సర్కారుదని చట్టం చెప్పింది. సరే. ఆస్తి వెంట నడిచిన బాధ్యత ఎవరిదైంది? ఇంటిని తీసుకున్నవాడు, ఆ ఇంటి వసారాలో రోజూ పెట్టే అన్నం మాత్రం నాది కాదనొచ్చా?

2023 ఆగస్టులో పక్కనే ఉన్న కోకాపేటలో హెచ్‌ఎండీఏ 45 ఎకరాలు వేలం వేసింది. గరిష్ఠంగా ఎకరం వంద కోట్లు దాటింది. మొత్తం వచ్చింది 3,319 కోట్లు. ఆ ఏడాది దేశం మొత్తానికి కేంద్రంలో మైనారిటీ శాఖ బడ్జెట్ 3,097 కోట్లని పైన చెప్పాం. మా ఇంటి వెనక నలభై అయిదు ఎకరాలు, దేశంలోని మైనారిటీలందరి ఏడాది పద్దుకన్నా ఎక్కువ. ఆ సొమ్ము రాష్ట్రానిది, ఈ పద్దు కేంద్రానిది, కలిపి లెక్కగట్టడం సరికాదని మా సహోద్యోగి ఒకరన్నారు. నిజమే. లెక్క కలవదు. కానీ డబ్బు లేదన్న మాట ఇంత దగ్గరగా నిలబడి వింటే ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియాలి.

రాష్ట్రం సంగతీ చెప్పాలి, లేకుంటే ఏకపక్షమవుతుంది. తెలంగాణలో మైనారిటీ గురుకులాలు 2016లో 71తో మొదలై 204 దాకా పెరిగాయి. మా ఆడపిల్లలు హాస్టల్లో ఉండి ఇంగ్లీషులో చదువుతున్నారంటే ఆ గురుకులాల పుణ్యమే, దాన్ని కాదనం. ఇక్కడ కోత వేరే రూపంలో వస్తుంది. జీవో ఉంటుంది, డబ్బు రాదు. వైయస్ కాలంలో ముస్లింలకు కూడా అందిన ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిలు ఎంత పేరుకుపోయాయంటే 2025లో ప్రయివేటు కాలేజీలే బంద్ పాటించాయి. పథకం రద్దయితే పేపర్లో వస్తుంది. బకాయి పడితే పిల్ల సర్టిఫికెట్ కాలేజీ బీరువాలో ఉండిపోతుంది, ఉద్యోగం ఇంటర్వ్యూకు జిరాక్సు పట్టుకుని పోతుంది. మొదటిది మైనారిటీలకే తగిలింది. రెండోది ముస్లిం, బీసీ, ఎస్సీ అందరికీ ఒకేసారి తగిలింది.

ఈ తేడా మీదే మాలో పెద్ద వాదన జరిగింది. స్కాలర్‌షిప్పు రద్దు మీద వినతిపత్రం ఇవ్వాలని జుమా తర్వాత కొందరం కూర్చున్నాం. తెలుగులో రాసే పని మామీద పడింది. "ముస్లిం విద్యార్థులకు జరిగిన అన్యాయం" అని మొదలుపెట్టమన్నారు. మేం రాసిన ముసాయిదాలో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు కూడా ఒకటో తరగతి నుంచే ఇవ్వాలని ఒక వాక్యం ఉంది. కమిటీలో ఒక చాచాకు అది నచ్చలేదు. "వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు బాబా, మన కాగితంలో వాళ్ళెందుకు?" మాలో ఒక కుర్రవాడు, ఆటో నడుపుతాడు, ఒక సామెత అందుకున్నాడు. "అంధా బాంటే రేవడీ, ఫిర్ ఫిర్ అప్నోం కో దే." గుడ్డివాడు నువ్వుల మిఠాయి పంచుతూ తిప్పి తిప్పి తనవాళ్ళకే ఇస్తాడని. అంతకు కొన్ని నెలల ముందే, 2022 జూలైలో, ప్రధానమంత్రి పేదల ఉచిత పథకాలను రేవడీలని ఎద్దేవా చేశారు. "వాళ్ళు మనల్ని రేవడీ తినేవాళ్ళంటున్నారు, మనం గుడ్డివాళ్ళమయితే ఎట్లా చాచా?" అన్నాడు. చాచా నవ్వాడు గానీ ఒప్పుకోలేదు.

చాచాను తప్పుపట్టడం తేలిక. ఆయన వెనక ఒక భయం ఉంది. అందరితో కలిపి అడిగితే అందరికీ వస్తుంది, మాకు మాత్రం రాదు. నాలుగు శాతం రిజర్వేషన్ కథ ఆయనకు తెలుసు. 2004లో ఇచ్చారు, కొట్టేశారు. 2005లో ఇచ్చారు, కొట్టేశారు. 2007లో ఇచ్చారు, 2010లో హైకోర్టు కొట్టేస్తే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద నిలిచింది. ఇన్నిసార్లు కాలు జారినవాడు పక్కవాడి చెయ్యి పట్టుకోవడానికి జంకుతాడు. కానీ ఆ నాలుగు శాతం కూడా బీసీ-ఈ పేరుతో వెనుకబాటుతనం మీద నిలిచింది తప్ప మతం మీద కాదు. మాకు నిలబడే చోటు ఎక్కడ దొరికిందో ఆ తారీఖులే చెబుతున్నాయి. విశ్వాసం పేరిట మేం గొంతెత్తాలంటే, ఆ గొంతు మొదట మాది కాని పిల్లవాడి కోసం లేవాలి. అప్పుడే దానికి విశ్వాసం అన్న పేరు తగుతుంది. లేకుంటే అది వాటాల బేరం. బేరం తప్పు కాదు, రాజకీయాల్లో అందరూ చేసేదే. దాన్ని మింబర్ మీది నుంచి చేయకూడదంతే.

చివరగా ఒక మాట, ఇది మా మగవాళ్ళకు. రేషన్ దుకాణం దగ్గర వేలిముద్ర పడక తిరిగొచ్చేది ఎవరు? అంగన్‌వాడీకి బిడ్డను తీసుకుపోయేది, గుడ్డు ఇచ్చారో లేదో చూసేది, ఆధార్‌లో పేరు ఒకలా బడిలో ఒకలా ఉంటే మీసేవ చుట్టూ తిరిగేది ఎవరు? 2023 సెప్టెంబరులో తెలంగాణ అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెలోకి దిగారు. అదే ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అంగన్‌వాడీ సమ్మె 42 రోజులు నడిచింది, ఎస్మా ప్రయోగించినా తగ్గలేదు. ఆడవాళ్ళు, ఎక్కువమంది పేద కులాలవాళ్ళు, వాళ్ళలో మా ఆడవాళ్ళూ ఉన్నారు. సేవ అంటే ఏమిటో, కోత అంటే ఏమిటో చేతివేళ్ళతో తెలిసినవాళ్ళు వాళ్ళు. మసీదు కమిటీలో మాత్రం వాళ్ళెవరూ లేరు. ఎవరికి తెలుసో వాళ్ళు లేని గదిలో, తెలియనివాళ్ళం కూర్చుని ముసాయిదాలు దిద్దుతున్నాం.

ఈసారి షాబాన్‌లో జకాత్ లెక్కలు మొదలయ్యేటప్పుడు కమిటీ ముందు రెండు కాగితాలుండాలని మేం కోరాం. ఒకటి మామూలుదే, మేం ఎవరికి ఏమిచ్చామో. రెండోది, ఈ ఏడాది మా వాడలో సర్కారు ఇవ్వాల్సి ఉండి ఎవరికి ఏమివ్వలేదో. స్కాలర్‌షిప్పు, పెన్షను, రేషను, ఫీజు బకాయి, ఏదైనా. రెండో కాగితంలో ఇంటి నంబరు ఉంటుంది, మతం గడి ఉండదు. మొదటి కాగితం మసీదులో ఉంటుంది, రెండోది కలెక్టరు దగ్గరికి పోతుంది. దీనికి కమిటీలో ఇద్దరు ఒప్పుకున్నారు, సామెత విన్న చాచా వాళ్ళలో ఒకరు. ఆ రెండో కాగితం ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళే రాయాలని, ఇచ్చే రోజు వాళ్ళే వచ్చి ఇవ్వాలని కూడా అన్నాం. దానికి మాత్రం ఇంతవరకు ఎవరూ తల ఊపలేదు.